నాన్నగారిని మార్చాలనుకునే ముందు, ఆయనకు కబురు ఎప్పుడు అందుతోందో చూడండి

మీ ప్రశ్న చదివాను. నెల్లూరు జిల్లా కావలి దగ్గర రొయ్యల గుంటలు, మేత డీలర్‌షిప్ నాన్నగారు మొదటినుంచీ చూసుకుంటున్నారు. మీరు ఉద్యోగం మానేసి వచ్చి చేరారు. అమెరికా సుంకాల తర్వాత రేటు ఎటు పోతుందో అర్థం కావడం లేదు. ఆయనేమో ‘ఇట్లాంటివి ఎన్ని చూళ్లేదు’ అంటూ పాత పద్ధతిలోనే పోతున్నారు. ఆయన్ను మార్పుకు ఎలా సిద్ధం చేయాలని అడిగారు. నేను ఇందుకూరుపేట, విడవలూరు వైపు గుంటల యజమానుల దగ్గర లెక్కలు చూసి, మేనేజర్‌గా చేసి, ఇప్పుడు పంట మొదట్లో కొందరితో కూర్చుని ప్లాన్ వేసి ఇస్తుంటాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందుగా, నాన్నగారి మాటను కొట్టిపారేయకండి. ఆయన చెప్పింది నిజం. 1990ల మొదట్లో టైగర్ రొయ్య మన జిల్లాలో డబ్బు కురిపించింది. 1994 చివరికి వైట్ స్పాట్ అనే వైరస్ తెగులు వచ్చి గుంటలకు గుంటలు తుడిచిపెట్టేసింది. 1996 డిసెంబరులో తీరం దగ్గరి గుంటల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చేదాకా ఎవరి గుంట నిలుస్తుందో, ఎవరిది పోతుందో తెలియని టెన్షన్. 2009లో వనామి అనే కొత్త రకం రొయ్యకు అనుమతి ఇచ్చాక సీడ్ (గుంటలో వదిలే రొయ్య పిల్లలు), మేత, నీటికి గాలి అందించే ఏరియేటర్లు, కరెంటు బిల్లు అన్నీ మారిపోయాయి. తర్వాత ఈహెచ్‌పీ అనే జబ్బు పట్టుకుని రొయ్యను ఎదగనివ్వలేదు. ఇన్నిటిని దాటుకొచ్చిన మనిషితో ‘మీరు మారాలి’ అంటే ఆయనకు ఎట్లా ఉంటుంది?

అందుకే నేను ఏ యజమాని దగ్గర కూర్చున్నా మొదట పాత సంగతే అడుగుతాను. టైగర్ వదిలి వనామి ఎప్పుడు వేశారు? ఆ మాట మొదట ఎవరు చెప్పారు? విన్నాక ఎన్నాళ్లు ఆగారు? ఆగినందుకు ఎంత పోయింది? పెద్దవాళ్లు ఇవి చెప్పడానికి ఇష్టపడతారు, గంటలు గంటలు చెబుతారు. వింటుంటే దాదాపు అందరి దగ్గరా ఒకటే కనబడుతుంది. నిర్ణయం తప్పు తీసుకుని నష్టపోయినవాళ్లు తక్కువ. సరైన నిర్ణయమే ఆలస్యంగా తీసుకున్నవాళ్లు ఎక్కువ. కబురు ఆలస్యంగా అందడం ఒక కారణం, అందాక ‘ఇంకో వారం చూద్దాం’ అనుకోవడం ఇంకో కారణం. యజమానికి మనం చేయగలిగే సాయం ఈ రెండు చోట్లే ఉందని నా నమ్మకం.

కబురు సంగతి చెబుతాను. విడవలూరు వైపు ఒకాయన గుంటల్లో రొయ్య ఎదుగుదల ఆగిపోయింది. రికార్డు చూస్తే అంతా బాగానే ఉంది. ఒకరోజు పొద్దున్నే గట్టు మీద నిలబడ్డాను. మేత వేసే కుర్రాడు, రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రే పైకి లాగాడు. ట్రేలో మేత సగానికి సగం అట్లాగే ఉంది. గుంట మూలన నీటి మీద తెల్లటి దారాల్లా రొయ్యల రెట్ట తేలుతోంది, అది జబ్బుకు గుర్తు. వాడు ట్రే నీళ్లలో జాడించి మళ్లీ కిందికి వదిలేశాడు. ‘ఎన్నాళ్లనుంచి ఇట్లా ఉంది?’ అని అడిగాను. ‘నాలుగైదు రోజులైంది సార్. చెబితే మేత ఎక్కువ పోశావని నన్నే తిడతారు’ అన్నాడు. పుస్తకంలో ఆ రోజులన్నిటికీ ‘ట్రే ఖాళీ’ అని రాసి ఉంది.

ఆ యజమాని మంచి మనిషి. విని ఎవరినీ ఏమీ అనలేదు. మర్నాటి నుంచి తెల్లారేసరికి షెడ్డు దగ్గరికి వచ్చి, కుర్రాళ్లతో టీ తాగుతూ ‘రాత్రి ట్రేలో ఎంత మిగిలింది?’ అని ఒక్కొక్కరినీ అడగడం మొదలుపెట్టారు. జవాబు ఏదైనా ‘సరే’ అనడమే. మిగతాది తర్వాత టెక్నీషియన్‌తో పక్కకు వెళ్లి మాట్లాడుకునేవారు. కొన్నాళ్లకు ఆ కుర్రాళ్లే అర్ధరాత్రి అయినా ఫోన్ చేసి చెప్పడం నేర్చుకున్నారు. మీ డీలర్‌షిప్‌లో వసూళ్లకు తిరిగే గుమాస్తా ఉంటాడు కదా. ఏ రైతు వేరే కొట్టులో మేత ఎత్తుతున్నాడో, ఎవరు లీజు వదిలేయబోతున్నారో అతనికి మీకంటే ముందే తెలుసు. ఆ మాట నాన్నగారికి భయం లేకుండా చెప్పగలుగుతున్నాడా? ముందు అది చూడండి. హోటల్ హాల్లో రెండు రోజుల లీడర్‌షిప్ ట్రైనింగ్‌కు పంపేకంటే ఇది ఎన్నో రెట్లు పనిచేస్తుంది.

ఇక ‘ఇంకో వారం’ సంగతి. ఖర్చులో సగానికి పైగా మేతకే పోతుంది. అంత డబ్బు నీళ్లలో పోసేశాక ఎవరికీ బుర్ర నిలకడగా పనిచేయదు. రొయ్య సైజు పెరిగి కౌంట్ (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) తగ్గుతుందని, రేటు లేస్తుందని ఆగుతూనే ఉంటారు. అందుకని సీడ్ వేయకముందే, మనసు స్థిమితంగా ఉన్నప్పుడే, కాగితం మీద రాయిస్తాను. అరవయ్యో రోజు విసురు వల వేసి చూస్తే కిలోకు 120 పైన తూగితే ఇక మేపకుండా పట్టేయాలి. 100 కౌంట్ రేటు మన ఖర్చుకు ఫలానా దగ్గరికి దిగితే తర్వాతి పంట సగం గుంటలకే. రైతు బాకీ ఇంత దాటితే ఆపైన మేత నగదుకే. అంకెలు మీరు చెప్పకండి, నాన్నగారి చేతే చెప్పించండి, ఆయన చేతే రాయించండి. ఇంకొకరు పెట్టిన హద్దును ఆయన ఒక్క పంట కూడా పాటించరు.

2025లో ఏమైందో మీరూ చూశారు. 50 శాతం సుంకం అమల్లోకి వచ్చింది ఆగస్టు 27న. కానీ ఏప్రిల్‌లో అమెరికా మొదటి ప్రకటన చేసిన రోజుల్లోనే ఇక్కడ గుంట గట్టు మీద కొనేవాళ్లు రేటు కోసేశారు. తోటపల్లిగూడూరు వైపు నాకు తెలిసిన ఒకాయన తన కాగితంలో రాసుకున్న ప్రకారం సగం సరుకు వెంటనే పట్టించేశారు. చుట్టుపక్కలవాళ్లు తొందరపడ్డావన్నారు. తర్వాత రేటు కొంత లేచింది కూడా, అంటే ఆయనకు కొంత పోయినట్టే. అయినా మేత కొట్టులో బాకీ పెరగలేదు, తర్వాతి సీడ్‌కు చేతిలో డబ్బు మిగిలింది. నా లెక్కలో ఆయన గెలిచినట్టే. మీరు ఒప్పుకోకపోవచ్చు.

ఇంకొకటి, రైతుల ముందు, పనివాళ్ల ముందు నాన్నగారి మాటకు ఎదురు చెప్పకండి. ఇంట్లో భోజనాల తర్వాత చెప్పండి.

తర్వాతి పంటకు ఇంకా సీడ్ బుక్ చేయకపోయి ఉంటే ఈ వారంలోనే ఆ కాగితం రాయించండి. సీడ్ అమ్మే హేచరీకి అడ్వాన్సు కట్టేశాక మొదలుపెడితే, ఆ అడ్వాన్సు పోతుందన్న ఆలోచనే ప్రతి అంకెనూ పైకి లాగుతుంది.