ఫోన్ ఫ్లాష్‌ను బ్లాక్ లైట్‌గా మార్చొచ్చా?

ప్రశ్న: ఫోన్ ఫ్లాష్ మీద సెల్లోటేపు అతికించి, నీలం, ఊదా స్కెచ్ పెన్నులతో రంగు పూస్తే బ్లాక్ లైట్ (కంటికి కనపడని యూవీ కాంతినిచ్చే దీపం) అవుతుందని ఒక వీడియోలో చూపించారు. చేసి చూశాను. హైలైటర్ గీత బాగానే మెరిసింది, తెల్ల చొక్కా మాత్రం మెరవలేదు. ఎక్కడ తేడా కొట్టింది?

జవాబు: తేడా మీ దగ్గర లేదు, వీడియోలోనే ఉంది. ఫోన్ ఫ్లాష్‌లో ఉండేది నీలి ఎల్ఈడీ. దాని కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 450 నానోమీటర్లు. దాని మీదున్న పసుపు ఫాస్ఫర్ పూత అందులో కొంత పీల్చుకుని పసుపు కాంతిగా మారుస్తుంది. రెండూ కలిసి కంటికి తెల్లగా కనిపిస్తాయి. అతినీలలోహిత కాంతి, అంటే యూవీ, అందులో దాదాపు ఉండదు. టేపు మీద పూసిన రంగు ఉన్న కాంతిని వడకడుతుందంతే. లేని యూవీని ఎక్కడి నుంచి తెస్తుంది?

మరి హైలైటర్ ఎందుకు మెరిసిందంటే, ఆ పసుపు సిరాకు యూవీయే అక్కర్లేదు, నీలి కాంతి చాలు. అది పీల్చుకుని ఆకుపచ్చగా వదులుతుంది. ఈ వీడియోలన్నీ హైలైటర్‌నే ఎందుకు చూపిస్తాయో ఇప్పుడు అర్థమైందిగా!

చొక్కా సంగతి వేరు. బట్టల సబ్బు పొడుల్లో ఆప్టికల్ బ్రైటెనర్లు అనే రసాయనాలు కలుపుతారు. ఎంత జాడించినా ఇవి కొంత బట్టకు అంటుకునే ఉంటాయి. 340 నుంచి 370 నానోమీటర్ల కాంతిని బాగా పీల్చుకుని, 420 నుంచి 470 మధ్య నీలి కాంతిగా వదులుతాయి. ఎండలోనూ యూవీ ఉంటుంది కాబట్టి, పాతబడి పసుపు తిరిగిన బట్ట కూడా పగటిపూట తెల్లగా కనిపిస్తుంది. ‘తళతళలాడే తెలుపు’ అని ప్రకటనల్లో చెప్పేదాంట్లో చాలా భాగం ఇదే. కానీ మీ ఫోన్ ఇచ్చే 450 వీటిని కదిలించలేదు.

ఇలా ఒక కాంతిని పీల్చుకుని మరో రంగు కాంతిగా వదలడాన్ని ఫ్లోరసెన్స్ అంటారు. ఇది దాదాపు ఎప్పుడూ ఒకే దిశలో నడుస్తుంది. పెద్ద నోటు చిల్లర మారిస్తే కమీషన్ పోగా తక్కువ చేతికొచ్చినట్టు, పదార్థం పీల్చుకున్న శక్తిలో కొంత వేడిగా పోతుంది, మిగిలింది తక్కువ శక్తి గల కాంతిగా, అంటే ఎక్కువ తరంగదైర్ఘ్యంతో బయటికొస్తుంది. కంటికి కనపడని యూవీ లోపలికెళ్లి కనపడే నీలం బయటికి రావడం ఇందుకే. జార్జ్ స్టోక్స్ అనే భౌతిక శాస్త్రవేత్త 1852లో దీన్ని వివరించాడు. పట్టకం విడదీసిన ఎండ రంగుల్లో క్వినైన్ ద్రావణం ఉన్న గాజు గొట్టాన్ని జరుపుతూ పోతే, ఊదా రంగు దాటాక, కంటికి ఏమీ కనపడని చోట అది నీలంగా వెలిగింది. టానిక్ వాటర్‌లోనూ ఉండేది క్వినైనే. సీసా మీద యూవీ టార్చ్ వేస్తే మీరూ చూడొచ్చు.

ప్రశ్న: అయితే యూవీ టార్చే కొంటాను. 365, 395 నానోమీటర్లు అని రెండు రకాలున్నాయి. ఏది తీసుకోమంటారు? నోట్లు అసలువో దొంగవో చూడటానికి పనికొస్తుందా?

జవాబు: డబ్బు కొంచెం ఎక్కువైనా 365 తీసుకోండి. 395 ఎల్ఈడీ కాంతి 400 దాటి కనపడే ఊదాలోకి చిందుతుంది. గోడ మీద వేస్తే గోడంతా ఊదాగా మారి, అసలు మెరుపు అందులో మునిగిపోతుంది. 365లోనూ ముందు నల్లగాజు ఫిల్టర్ ఉన్నది మేలు. ఈ రకం గాజును రాబర్ట్ వుడ్ అనే అమెరికా భౌతిక శాస్త్రవేత్త 1903లో తయారు చేశాడు. కనపడే కాంతిని ఆపి యూవీని వదలడం దాని పని.

ఇక నోట్లు. చాలా దేశాల్లో నోట్ల కాగితంలో బ్రైటెనర్లు ఉండవు. అందుకే కాగితం మసకగానే ఉండి, లోపలి సన్నటి పోగులు, కొన్ని అంకెలు మాత్రమే మెరుస్తాయి. పక్కన ప్రింటర్ కాగితం పెట్టి చూడండి, అది నీలంగా భగ్గుమంటుంది. అయితే జేబులో మరిచిపోయి సబ్బు పొడిలో ఉతికేసిన అసలు నోటు కూడా మెరుస్తుంది! టార్చ్ ఒక్కటే చూసి దొంగనోటని తేల్చేయకండి. రక్తపు మరకలు మెరుస్తాయనుకోవడం కూడా పొరపాటే. రక్తం యూవీని మింగేసి నల్లగా కనపడుతుంది.

ప్రశ్న: నా చలువ కళ్లద్దాలు యూవీని ఆపుతున్నాయో లేదో ఈ టార్చ్‌తో తెలుస్తుందా?

జవాబు: 365 అయితే ఉజ్జాయింపుగా తెలుస్తుంది. ప్రింటర్ కాగితం మీద టార్చ్ వేసి, మధ్యలో అద్దం అడ్డుపెట్టండి. నీలి మెరుపు దాదాపు ఆరిపోతే అద్దం యూవీని ఆపుతున్నట్టే. 395తో వద్దు, మంచి అద్దం కూడా తప్పినట్టు కనపడుతుంది. టార్చ్‌ను కళ్లలోకి వేసుకోకండి. యూవీ-సీ లేదా 254 నానోమీటర్లు అని రాసి ఉన్నవి క్రిములను చంపే దీపాలు. చర్మాన్నీ కళ్లనూ కాలుస్తాయి కాబట్టి ఇలాంటి సరదాలకు వాటిని వాడొద్దు.