శిక్ష పెంచమని కాదు, సెక్షన్ మార్చమని అడగండి

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. 2021 ఫిబ్రవరిలో పొలం గట్టు తగాదాలో పక్క చెలక ఆయన మా ఇంటాయనను నాటు తుపాకీతో కాల్చాడు. అడవిపందుల కోసమని దాచుకున్న తుపాకీ, లైసెన్సు లేదు. తొడలో, పొత్తికడుపు కింద ఛర్రాలు (చిన్న సీసపు గుండ్లు) దిగాయి. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో 13 రోజులున్నాం. ఆ తర్వాత రెండు నెలలు ఆయన హమాలీ పనికి పోలేకపోయారు. హత్యాయత్నం (ఐపీసీ 307) కేసు పెట్టారు. ఏండ్లకేండ్లు తిరిగాక కోర్టు 307 కొట్టేసింది. ఆయుధంతో గాయపరిచినందుకు 324 కింద 3 ఏండ్లు, ఆయుధాల చట్టం కింద 1 ఏడాది వేసి, రెండూ ఏకకాలంలో అనుభవించాలన్నది. తీర్పు చెప్పిన సాయంత్రమే అతను ఇంటికొచ్చి మా వాకిలి ముందు పటాకులు కాల్చాడు. తుపాకీతో మనిషిని కాల్చితే మూడేండ్లేనా? కొత్త చట్టంలో గట్టి శిక్షలున్నాయట, దాని కింద వేయమనొచ్చా? శిక్ష పెంచమని హైకోర్టులో రివిజన్ వేద్దామని ఒక గుమస్తా అంటున్నాడు. అతని పశువుల కొట్టంలో ఇంకో తుపాకీ దొరికేటట్టు చేస్తే ఈసారి గట్టిగా పడుతుందని ఊళ్లో ఒకరు చెప్తున్నారు. తీర్పు వచ్చి 41 రోజులైంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో పటాకుల గురించి ఒకటిన్నర పేజీ ఉంది, తీర్పు గురించి ఆరు లైన్లున్నాయి. మీ కేసు ఉన్నది ఆ ఆరు లైన్లలోనే.

జడ్జి 3 ఏండ్లు వేసి దయ చూపారని మీరు అనుకుంటున్నారు. దయ ఏమీ చూపలేదు. ఐపీసీ 324కు చట్టంలో ఉన్న గరిష్ఠ శిక్షే 3 ఏండ్లు. ఆ సెక్షన్‌లో ఇవ్వగలిగిందంతా ఇచ్చేశారు. హైకోర్టు కాదు, సుప్రీంకోర్టుకు వెళ్లినా 324 కింద మూడేండ్ల మీద ఒక్క రోజు కలపలేరు. కాబట్టి "శిక్ష పెంచండి" అనే ప్రార్థనకు 324 విషయంలో అర్థం లేదు. మీరు అడగాల్సింది "307 కొట్టేయడం తప్పు" అని.

ఆ మాటను రివిజన్‌లో, అంటే కింది కోర్టు తీర్పులో తప్పుందేమో పైకోర్టు సరిచూసే పిటిషన్‌లో, అడగలేరు. నిర్దోషి అన్నదాన్ని దోషి అని మార్చే అధికారం రివిజన్‌లో హైకోర్టుకు లేదు. కోర్టుల పద్ధతి చెప్పే పాత సీఆర్‌పీసీ 401(3), దాని స్థానంలో వచ్చిన కొత్త బీఎన్‌ఎస్‌ఎస్ 442 రెండూ అదే చెప్తాయి. గుమస్తా మాట విని రివిజన్ వేస్తే రెండేండ్ల తర్వాత "ఇది అప్పీలులో అడగాల్సింది" అని కొట్టేయొచ్చు, అప్పటికి అప్పీలు గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

మీకు అప్పీలు ఉంది. సీఆర్‌పీసీ 372కు చేర్చిన షరతు, ప్రొవైజో (బీఎన్‌ఎస్‌ఎస్ 413) బాధితుడికి మూడు సందర్భాల్లో అప్పీలు హక్కు ఇచ్చింది: ముద్దాయిని విడుదల చేసినప్పుడు, తక్కువ నేరం కింద శిక్షించినప్పుడు, నష్టపరిహారం చాలనప్పుడు. శిక్ష చాలలేదన్నది ఈ మూడింట్లో లేదు. అది ప్రభుత్వం వేయాల్సిన అప్పీలు అని సుప్రీంకోర్టు 2020లో పర్వీందర్ కన్సల్ కేసులో చెప్పింది. మీది రెండో సందర్భం, 307 పెట్టిన కేసు 324కు దిగింది. ముందస్తు అనుమతి కూడా అక్కర్లేదు, 2018లో మల్లికార్జున కొడగలి కేసులో ఆ సంగతి తేలింది.

ఇక తీర్పు. మీరు పంపిన ఫొటోల్లో 22వ పేరా చదవండి. "గాయాలు సాధారణమైనవని డాక్టరు చెప్పారు, అవి తొడ మీద ఉన్నాయి, కనుక చంపే ఉద్దేశం కనబడదు" అని ఉంది. ఇందులో రెండు పొరపాట్లున్నాయి. మొదటిది, 307కు గాయం ఎంత లోతు అన్నది కొలబద్ద కాదు. ఏ ఉద్దేశంతో, ఏం జరుగుతుందని తెలిసి, ఏ పరిస్థితిలో ఆ పని చేశాడన్నది చూడాలి. ప్రాణం తీసేంత గాయం తగిలి తీరాలన్న నియమం లేదని సుప్రీంకోర్టు 1983లో బలరాం బామా పాటిల్ కేసులోనే చెప్పింది. రెండోది ఇంకా విలువైనది. ఎంజీఎం డాక్టరు ఇచ్చిన గాయాల పత్రం, ఊండ్ సర్టిఫికెట్‌లో 11 ఛర్రా గాయాలు రాశారు, తొడ మీద 9, పొత్తికడుపు కింద కుడివైపు 2. డాక్టరు కోర్టులో అదే చెప్పారు. 22వ పేరాలో తొడ ఉంది, కడుపు లేదు. రికార్డులో ఉన్న సాక్ష్యాన్ని తీర్పు వదిలేసిందన్నమాట. మీ అప్పీలు మెమోలో మొదటి గ్రౌండు (కారణం) ఇదే కావాలి. దీన్ని పదో గ్రౌండుగా ఎక్కడో అడుగున పెడితే ఎవరూ చదవరు.

అయితే గెలుపు ఖాయమని నేను అనను. ఎదుటి వకీలు అడిగే మొదటి ప్రశ్న, ఎంత దూరం నుంచి కాల్చాడు? మీ ఇంటాయన పది గజాలన్నారు, మరో సాక్షి ముప్పై అన్నాడు. ఈ తగవు తీర్చే వస్తువు ఆ రోజు ఆయన కట్టుకున్న లుంగీ. ఛర్రాల తుపాకీతో బాగా దగ్గర నుంచి కాల్చితే గుడ్డ మీద మసి, కాలని మందు రేణువులు దిగుతాయి, రంధ్రాలు ఒక్కచోట గుంపుగా పడతాయి. దూరం పెరిగేకొద్దీ ఛర్రాలు చెదిరి జల్లెడలా అవుతాయి. ఆ లుంగీని హైదరాబాద్ రెడ్‌హిల్స్ ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపి, అదే తుపాకీతో ప్రయోగం చేయించి ఉంటే దూరం దాదాపు తేలిపోయేది. మీరేం చేశారు? రక్తం మరక పోవాలని ఉతికి దండెం మీద ఆరేశారు. "మంచి లుంగీ" అని ఎదుటి వకీలు క్రాస్ ప్రశ్నల్లో మీరే ఒప్పుకున్నారు. పోలీసులు అడగలేదంటారు, నిజమే కావచ్చు. అడగకపోయినా కవర్లో చుట్టి ఇవ్వాల్సింది. నాటు తుపాకీ గొట్టం లోపల రైఫిల్‌కు ఉండే మెలిక గాడులు ఉండవు కాబట్టి ఛర్రాను చూసి ఇది ఈ తుపాకీదే అని ల్యాబ్ చెప్పలేదు. తుపాకీ పనిచేస్తుంది, పేల్చిన ఆనవాళ్లున్నాయి అనేవరకే చెప్పింది. అందుకే ఇలాంటి కేసుల్లో తుపాకీ కంటే బట్టకే విలువ ఎక్కువ.

లుంగీ పోయినా ఊండ్ సర్టిఫికెట్‌లో గాయాల మధ్య దూరాలు సెంటీమీటర్లలో రాసి ఉన్నాయి. 11 గాయాలూ ఒక జానెడు మేరలోనే ఉన్నాయంటే అది ముప్పై గజాల దెబ్బ కాదని వాదించే వీలుంది. ఆ కొలతలు మీ కొత్త వకీలు ముందు పెట్టండి.

పక్కన ఇంకో దారి ఉంచుకోవాలి, 326, అంటే ఆయుధంతో తీవ్ర గాయం చేయడం. ఐపీసీ 320లో తీవ్ర గాయానికి ఎనిమిదో అర్థం, 20 రోజులపాటు తీవ్రమైన నొప్పితో ఉండటం లేదా రోజువారీ పని చేసుకోలేకపోవడం. ఆస్పత్రిలో 20 రోజులు పడుకోవాలని అక్కడ లేదు. మీరు 13 రోజులే ఉన్నారని ప్రభుత్వ వకీలు (పీపీ) ఆ సంగతే ఎత్తలేదు. రెండు నెలలు మూటలు మోయలేదని మీరే రాశారు, మరి దానికి కాగితం ఏది? హమాలీ సంఘం హాజరు పుస్తకం, డిశ్చార్జ్ చీటీలో విశ్రాంతి గురించి రాసిన లైను, మళ్లీ చూపించుకోవడానికి వెళ్లిన ఓపీ చీటీలు వెతకండి. అప్పీలులో కొత్త సాక్ష్యం కావాలంటే సీఆర్‌పీసీ 391 (బీఎన్‌ఎస్‌ఎస్ 432) కింద విడిగా పిటిషన్ వేయాలి. ముందు చేయని పనిని ఇప్పుడు పూడ్చుకోవడానికి కోర్టు సులభంగా ఒప్పుకోదు, అందుకే దీన్ని రెండో గ్రౌండుగానే ఉంచండి. 326 రుజువైతే పదేండ్ల దాకా, యావజ్జీవం దాకా వీలుంది.

ఆయుధాల చట్టం కింద వేసిన 1 ఏడాదిని మాత్రం మీరు అసలు చూడలేదు. నిజానికి తీర్పులో శిక్ష పొరపాటు ఉన్నది అక్కడే. లైసెన్సు లేని తుపాకీ దగ్గర పెట్టుకుంటే సెక్షన్ 25(1బి)(ఏ) కింద ఒకప్పుడు 1 నుంచి 3 ఏండ్లు. 2019 డిసెంబర్ సవరణతో అది 2 నుంచి 5 ఏండ్లయింది. మీ సంఘటన 2021ది. రెండేండ్ల కంటే తక్కువ వేయాలంటే తగిన ప్రత్యేక కారణాలు తీర్పులో రాయాలి, అవి కనబడటం లేదు. పాత పుస్తకం చూసి వేసినట్టుంది. ఇది "చాలని శిక్ష" కాబట్టి బాధితుడి అప్పీలులో రాదు. ప్రభుత్వం సీఆర్‌పీసీ 377 (బీఎన్‌ఎస్‌ఎస్ 418) కింద అప్పీలు వేయాలి, లేదా మీరు ఈ ఒక్క ముక్కకే రివిజన్ వేయాలి. గుమస్తా చెప్పిన రివిజన్‌కు పనికొచ్చే చోటు ఇదొక్కటే, గడువు 90 రోజులు.

తుపాకీని వాడినందుకు సెక్షన్ 27 వేరుగా ఉంది, 3 నుంచి 7 ఏండ్లు. చార్జిషీటులో అది లేదు. తీర్పు చెప్పేలోపు ఎప్పుడైనా అభియోగం మార్చమని సీఆర్‌పీసీ 216 కింద అడగొచ్చు. అన్ని వాయిదాలకు తిరిగారు కదా, ఒక్కసారైనా చార్జిషీటు కాపీ చదివించుకున్నారా? ఇప్పుడు దాని గురించి ఏడ్చి లాభం లేదు.

కొత్త చట్టం సంగతి. రాజ్యాంగం 20(1) ప్రకారం నేరం జరిగిన రోజున ఉన్న శిక్షే వర్తిస్తుంది. ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్ అమలైంది 2024 జూలై 1న, మీ కేసుకు పనికిరాదు. పనికొచ్చినా ఒరిగేదేం లేదు, ఆయుధంతో చేసిన సాధారణ గాయానికి బీఎన్‌ఎస్ 118(1) కూడా 3 ఏండ్లే అంటుంది. తుపాకీతో చంపితే తప్పనిసరి ఉరి ఉండేది, ఎందుకు తీసేశారని మరో కాగితంలో అడిగారు. సెక్షన్ 27(3)లో ఉండేది, అదీ నిషిద్ధ ఆయుధాలకు మాత్రమే. జడ్జికి నేరం తీరును, మనిషిని తూచే అవకాశం లేకుండా చేస్తుందని 2012లో దల్బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. నా మటుకు అది సరైన తీర్పే. తుపాకీ దాచుకోవడానికి కనీస శిక్ష పెట్టడం అర్థమవుతుంది, తుపాకీ ఉందా లేదా అన్నది సూటి ప్రశ్న. కాల్చడంలో మాత్రం బెదిరింపు నుంచి హత్య దాకా ఎన్నో మెట్లుంటాయి. అక్కడ కట్టుదిట్టమైన కనీస శిక్ష పెడితే సాక్ష్యం కాస్త బలహీనంగా ఉన్న ప్రతి కేసూ కింది సెక్షన్‌కు జారిపోతుంది. మీ కేసులో పెద్ద శిక్ష చట్టంలో ఉంది, 307 కింద గాయం తగిలితే యావజ్జీవం దాకా వేయొచ్చు. దాన్ని అందుకునే నిచ్చెనకే మెట్లు విరిగాయి.

పశువుల కొట్టంలో తుపాకీ పెట్టించే మాట. ఆ సలహా ఇచ్చినాయన గుమ్మం ఇంకోసారి తొక్కకండి. ఆ తుపాకీ కొన్న క్షణం నుంచి కొట్టంలో పెట్టేదాకా అది మీ చేతిలో ఉంటుంది, అంటే 2 నుంచి 5 ఏండ్ల శిక్ష మీకు. తప్పుడు సాక్ష్యం పుట్టించినందుకు ఒక కేసు, అబద్ధపు నేరం మోపినందుకు బీఎన్‌ఎస్ 248 కింద ఇంకో కేసు. తుపాకీ అమ్మినవాడు, మోసినవాడు, సమాచారం చెప్పిన ఫోను, ముగ్గురు సాక్షులను మీరే తయారుచేసి ఇస్తారు. దొరికిన మరుసటి రోజు ఎదుటి వకీలు "2021 తుపాకీ కూడా ఇలాగే పెట్టించారు" అని అప్పీలులో అంటాడు. గడ్డివాములో దొరికిన అసలు తుపాకీ పంచనామా కూడా అనుమానంలో పడుతుంది.

ముద్దాయి తీర్పు సాయంత్రమే ఇంటికి రావడంలో లోగుట్టు లేదు. బెయిల్ మీద ఉన్నవాడికి శిక్ష 3 ఏండ్లు దాటకపోతే, అప్పీలు వేసుకుంటానంటే ఆ కోర్టే బెయిల్ ఇస్తుంది, సీఆర్‌పీసీ 389(3). అంటే అతనూ అప్పీలు వేస్తాడు లేదా ఈపాటికి వేసి ఉంటాడు. నంబరు కనుక్కొని రెండూ కలిపి వినమని అడగాలి.

ఇప్పుడు గడువు. తీర్పు మొదటి పేజీలో కోర్టు పేరు చూడండి. సెషన్స్ జడ్జి లేదా అదనపు సెషన్స్ జడ్జి అని ఉంటే అప్పీలు హైదరాబాద్‌లో హైకోర్టుకు. అసిస్టెంట్ సెషన్స్ జడ్జి అని ఉంటే మీ జిల్లా సెషన్స్ కోర్టుకే. బాధితుడి అప్పీలుకు ఇన్ని రోజులని ఆ సెక్షన్‌లో రాయలేదు. రాయలేదు కదా అని కూర్చోవద్దు. హైకోర్టుకైతే 60, సెషన్స్‌కైతే 30 రోజులే అనుకొని నడవండి. మొదటిదైతే మీకు 19 రోజులున్నాయి. రెండోదైతే 11 రోజులు దాటాయి, ఆలస్యం మాఫీ పిటిషన్ కూడా వేయాలి. అందులో "ఆర్థిక ఇబ్బందుల వల్ల" అని ఒక్క ముక్క రాస్తే చాలదు, ఏ తేదీన ఎక్కడికి వెళ్లారో, ఎవరిని కలిశారో రాయాలి.

రేపు పొద్దున కోర్టు తెరిచేసరికి కాపీ అప్లికేషన్ వేయండి, తీర్పుతో పాటు డాక్టరు వాంగ్మూలానికి, ఊండ్ సర్టిఫికెట్‌కు, పంచనామాకు కూడా. అప్లికేషన్ వేసిన రోజు నుంచి కాపీ సిద్ధమైన రోజు దాకా గడువులో లెక్కించరు. అయితే మీరు అప్లికేషన్ వేస్తేనే ఆ లెక్క మొదలవుతుంది, 41 రోజులు ఊరికే పోయాయి. కాపీకి స్టాంపులు కట్టమని పిలిచిన జాబితా నోటీసు బోర్డు మీద రోజూ చూసుకోండి, సకాలంలో కట్టకపోతే అప్లికేషన్ కొట్టేస్తారు. కాపీ వెనక వేసే తేదీల ముద్ర సరిగా ఉందో లేదో అక్కడే చూసుకొని తీసుకోండి.

అప్పీలుదారుగా సంతకం పెట్టాల్సింది మీరు కాదు, మీ ఇంటాయన. ఆయన బతికుండగా బాధితుడు ఆయనే. అదే రోజు ఆయన పేరుతోనే పీపీకి రెండు కాగితాలు ఇచ్చి రశీదు తీసుకోండి: 307 విడుదల మీద అప్పీలు వేయమని ఒకటి, ఆయుధాల చట్టం శిక్ష తక్కువని 377 కింద వేయమని ఇంకొకటి. వకీలు ఖర్చు భరించలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టండి. ఎస్సీ, ఎస్టీలు, మహిళలు, వికలాంగుల వంటివారికి ఆదాయంతో పని లేదు, మిగతావారికి ఆదాయ పరిమితి చూస్తారు. వైద్య ఖర్చులకు పరిహారం దరఖాస్తు కూడా అక్కడే ఇస్తారు. దాన్ని అప్పీలు తేలేదాకా ఆపాల్సిన పని లేదు, ఎంజీఎం కాగితాల జిరాక్సులు రెండు సెట్లు తీసుకెళ్లండి.