బాక్స్‌వుడ్ కంచె మన కోనసీమలో నిలుస్తుందా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరండి. గేటు నుంచి అరుగు దాకా రెండు పక్కలా బాక్స్‌వుడ్ మొక్కలు వేసి గుండ్రంగా కత్తిరించుకోవాలని ఆశ. మా ఒండ్రుమట్టిలో బతుకుద్దాండి? ఇంట్లో గేదెలు కూడా ఉన్నాయి.

జవాబు: మీ ఆశ మంచిదేనండి, చిన్నాకు, ఏడాదంతా పచ్చదనం, ఎంత కత్తిరించినా మళ్లీ గుబురుగా రావడం, అందుకే యూరప్ తోటల్లో రోమన్ల కాలం నుంచీ దాన్ని పెంచుతున్నారు. కానీ అది చలిదేశపు మొక్క, వేర్లు పైపైనే ఉంటాయి, మన ఎండలకి ఆకు మాడుద్ది, వానాకాలంలో నీళ్లు నిలిచాయంటే వేరు కుళ్లిపోద్ది, పైగా ఏడాదికి కొద్ది అంగుళాలే పెరుగుద్ది. ఆకుల్లో విషం ఉందండి, గేదెలున్న ఇంట్లో నేనైతే అస్సలు వెయ్యమనను. మరీ మనసైతే గేదెలకి అందనిచోట కుండీలో ఒకటి, మధ్యాహ్నం నీడ తగిలేలా పెట్టుకోండి.

కంచెకి మాత్రం కామిని వేసుకోండి, ఇది మన వాతావరణానికి అలవాటైందే, తెల్ల పూలు, మంచి వాసన, అయితే పదేపదే కత్తిరిస్తే పూలు తగ్గుతాయి. ఆకారాలు కావాలంటే మర్రి జాతికి చెందిన ఫైకస్ బాగుంటుంది, కడియపులంక నర్సరీల్లో అడిగి చూడండి, కాకపోతే దాని వేర్లు గోడకి దూరంగా ఉండాలి. మట్టి గట్టు చేసి దానిమీద నాటండి, నీరు లాగేస్తుంది. కత్తిరించేటప్పుడు కింద వెడల్పు, పైన సన్నం ఉంచండి, లేకపోతే కిందాకుకి వెలుతురందక మోడైపోద్ది.