బాగానే తింటున్నా పెద్దవాళ్ల కాళ్లు ఎందుకు సన్నబడతాయి?

కావలిలో ఉన్న మీ నాన్నగారు మూడు పూటలా తింటున్నా ఆయన పిక్కలు ఎందుకు కరిగిపోతున్నాయని మీరు అడిగారు. ముప్పై దాటాక పదేళ్లకు సుమారు 3 నుంచి 8 శాతం కండ తగ్గుతుంది, అరవై తర్వాత ఇంకా వేగంగా. పైగా ఆ వయసులో కండరం మాంసకృత్తులకు మునుపటిలా స్పందించదు. అందుకే కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాములు కావాలి.

మన ఇళ్లలో జరిగేది వేరు. అన్నం కొండంత, పప్పు గరిటెడు. నెల్లూరు చేపల పులుసు వండిన రోజు ముక్కలు పిల్లలకు, పులుసు పెద్దవాళ్లకు. చూస్తే బాధేస్తుంది. ఆయన పళ్లెంలోనూ రెండు ముక్కలు వేయండి. వంద గ్రాముల చేపలో దాదాపు 20 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఉదయం దోసెతో గుడ్డు పెట్టండి.

భోజనం తర్వాత రక్తంలోని చక్కెరను ఎక్కువగా తీసుకునేది కండరమే కనుక, అది తగ్గితే మధుమేహం ముప్పూ పెరుగుతుంది. రోజూ కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోమనండి. మూత్రపిండాల జబ్బు ఉంటే మాత్రం మాంసకృత్తులు పెంచే ముందు డాక్టరును అడగండి.