సూది దిగే ముందు, దిగిన తర్వాత

చిరంజీవి అమ్మాయికి,

వచ్చే వారం నుంచి రొమ్ములో అనుమానం ఉన్న చోట సూదితో ముక్క తీసే బయాప్సీలు నువ్వే సొంతంగా చేయబోతున్నావని తెలిసి సంతోషించాను. భయంగా ఉంది మేడమ్ అన్నావు. ఉండనీ. మొదటి రోజే ధైర్యంగా సూదిని పేల్చే గన్ పట్టుకునేవాళ్లను చూస్తే నాకు గుండె గుబేల్‌మంటుంది. ఫోన్‌లో నువ్వు అడిగినవాటికి హడావిడిగా ఏదో చెప్పాను, అందుకే ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

ఏ సూది వాడాలని అడిగావు. దానికంటే ముందు, ఆ మచ్చ దేంట్లో బాగా కనబడుతోందో చూసుకో. అల్ట్రాసౌండ్‌లో కనబడిందంటే ఇంకో ఆలోచన వద్దు, అల్ట్రాసౌండ్ కిందే చెయ్యి. పేషెంట్ వెల్లకిలా పడుకుంటుంది, రేడియేషన్ ఉండదు, సూది ఎటు పోతోందో కళ్లారా చూస్తావు. మామోగ్రామ్‌లో, అంటే రొమ్ము ఎక్స్‌రేలో తప్ప కనబడని సన్నటి సున్నపు చుక్కలైతే స్టీరియోటాక్టిక్, అంటే రెండు కోణాల ఎక్స్‌రేలతో చోటు లెక్కగట్టి సూది దించడం. ఎమ్మారైలో మాత్రమే కనబడితే ఎమ్మారై, కానీ అక్కడికి పరుగెత్తే ముందు అదే చోట మళ్లీ అల్ట్రాసౌండ్ ప్రోబ్ పెట్టి ఓపిగ్గా వెతుకు. ఫలానా చోట ఉందని తెలిసి వెతికితే మొదట దొరకనిది కూడా చాలాసార్లు దొరుకుతుంది. ఎమ్మారైలో పేషెంట్‌ను బోర్లా పడుకోబెట్టి, రొమ్మును కదలకుండా బిగించి, గాడోలినియం అనే కాంట్రాస్ట్ మందు ఎక్కించాక మచ్చ మెరిసేది కాసేపే. కొన్ని నిమిషాలకు చుట్టుపక్కల కూడా మెరవడం మొదలై మచ్చ అందులో కలిసిపోతుంది. ఆ హైరానా తప్పించుకునే దారి ఉంటే తప్పించుకోవడమే మేలు.

నేను చేరిన కొత్తలో అంతా ఎఫ్‌ఎన్‌ఏసీదే రాజ్యం. 22, 23 గేజ్ సన్న సూదితో కణాలు పీల్చి స్లైడు మీద పరిచేవాళ్లం. చంకలోని గ్రంథికి, నీటితిత్తికి అది ఇప్పటికీ పనికొస్తుంది. గడ్డకు మాత్రం దాంతో సరిపెట్టకు. క్యాన్సర్ కణాలున్నాయని చెప్పగలరు గానీ, అవి పాలనాళం లోపలే ఉన్నాయా, గోడ దాటి బయటికి వచ్చాయా అన్నది విడివిడి కణాల్లో తెలియదు. సర్జన్‌కు కావలసింది అదే. అందుకే కణజాలం ముక్కగా రావాలి. స్వీడన్‌కు చెందిన లిండ్‌గ్రెన్ 1982లో స్ప్రింగుతో పేలే బయాప్సీ గన్ గురించి రాశాడు. 1990 నాటికి అమెరికాలో స్టీవ్ పార్కర్ 14 గేజ్ సూదితో రొమ్ములోంచి కోర్, అంటే సన్నటి కణజాలపు ముక్క తీయడం చూపించాడు. అంతకుముందు అనుమానం వచ్చిన ప్రతి గడ్డకూ ఆపరేషన్ థియేటరే గతి. కోసి చూస్తే చాలావాటిలో ఏమీ ఉండేది కాదు, కుట్ల మచ్చ మాత్రం మిగిలేది.

ఇప్పుడు చేతి పని. గన్ నొక్కగానే సూది మొన ఇంచుమించు 22 మిల్లీమీటర్లు ముందుకు దూకుతుంది. కొన్ని గన్‌లలో 15. ఏ గన్ పట్టుకున్నా ముందు ఆ అంకె చూసుకో. మొనను గడ్డ అంచు దగ్గర ఆపి, అక్కడి నుంచి 2 సెంటీమీటర్ల అవతల ఏముందో ఒకసారి చూడు. సూది ఎప్పుడూ ఛాతీ గోడకు సమాంతరంగా ఉండాలి. గడ్డ లోతుగా ఉందని కోణం వంచేయకు. బదులుగా మత్తు మందును గడ్డ కింద ఎక్కించు, అది కండరం మీద నుంచి పైకి లేస్తుంది, నీకు చోటు దొరుకుతుంది. సిరంజిలో గాలి బుడగ మాత్రం మిగలనివ్వకు. ఒక్క బుడగ లోపలికి పోయిందా, దాని నీడలో గడ్డ మాయమైపోతుంది. నాకు ఒకసారి అలా జరిగి, పేషెంట్‌కు సర్దిచెప్పలేక, సగం గంట ఊరికే కూర్చున్నాను.

పేల్చాక సూది తీసే ముందు ప్రోబ్‌ను అడ్డంగా తిప్పి చూడు. నిలువు బొమ్మలో సూది గడ్డలోంచి పోయినట్టే ఉంటుంది, నిజానికి పక్క నుంచి పోయి ఉండొచ్చు. అడ్డంగా చూసినప్పుడు గడ్డ మధ్యలో తెల్లటి చుక్క కనబడితేనే తగిలినట్టు. నాలుగైదు కోర్లు తీయి. ఒక్కొక్కటీ, కణజాలం చెడిపోకుండా ఉంచే ఫార్మలిన్‌లో వేసినప్పుడు తొందరపడి మూత పెట్టేయకుండా ఒక్క క్షణం చూడు. కొవ్వు ముక్క పైన తేలుతుంది, దిట్టమైన తెల్లటి ముక్క అడుగుకు చేరుతుంది. అన్నీ తేలుతున్నాయంటే ఇంకోసారి ఆలోచించు. చేతికి తెలిసే సంగతి ఇంకొకటుంది. క్యాన్సర్ కాని ఫైబ్రోఅడినోమా గడ్డలో సూది రబ్బరును నెట్టినట్టు జారుతుంది, కొన్ని క్యాన్సర్లలో ఇసుకలో దిగినట్టు కరకరమంటుంది. దాన్నిబట్టి ఎవరికీ ఏమీ చెప్పకు, నీ మనసులో మాత్రం ఉంచుకో.

సున్నపు చుక్కలకు, మరీ చిన్న మచ్చలకు వాక్యూమ్ సూదే సరి. 1995 ప్రాంతంలో వచ్చింది. 9 గేజ్ లాంటి లావు సూది, గేజ్ అంకె తగ్గేకొద్దీ సూది లావెక్కుతుందని నీకు చెప్పక్కర్లేదు. లోపలికి ఒక్కసారే వెళ్తుంది, పీల్చి, కోసి, ముక్కను బయటికి పంపుతుంది, గడియారం ముల్లులా తిప్పుతూ చుట్టూ తీసుకోవచ్చు. తీసిన ముక్కలను ఎక్స్‌రే తీసి చుక్కలు వాటిలో ఉన్నాయని చూశాకే పేషెంట్‌ను లేపు. చుక్కలు లేని ముక్కలు పంపిస్తే పాథాలజిస్ట్ మాత్రం ఏం చెబుతారు! మచ్చ మొత్తం వచ్చేసినా రావచ్చు కాబట్టి ఆ చోటుకు గుర్తుగా లోపల చిన్న క్లిప్ పెట్టడం తప్పనిసరి. నొక్కిపెట్టిన రొమ్మును వదలగానే అది హార్మోనియం తిత్తిలా విచ్చుకుంటుంది, దాంతోపాటు క్లిప్ కూడా జరగొచ్చు. అందుకే తర్వాత రెండు కోణాల్లో మామోగ్రామ్ తీసి, క్లిప్ జరిగితే ఎటు, ఎంత జరిగిందో రిపోర్టులో రాయి. నువ్వు రాయకపోతే సర్జన్ క్లిప్‌నే నమ్ముకుని తప్పు చోట కోస్తారు.

ఫార్మలిన్ సంగతి ఎవరూ పట్టించుకోరు. ముక్కలు గంటలోపు అందులో పడాలి, 6 నుంచి 72 గంటలు నానాలి. పడిన సమయం సీసా మీద నువ్వే రాయి. లేకపోతే ఏ మందు పనిచేస్తుందో తేల్చే హార్మోన్ రిసెప్టర్, హెర్2 పరీక్షలు తప్పుగా వచ్చే ప్రమాదం ఉంది, వైద్యం మొత్తం వాటి మీదే నడుస్తుంది.

పేషెంట్ దగ్గర ఎక్కువ మాట్లాడక్కర్లేదు. గన్‌ను ముందే గాల్లో ఒకసారి పేల్చి ఆ టక్‌మనే చప్పుడు వినిపించు. చాలామంది ఉలిక్కిపడేది నొప్పికి కాదు, చప్పుడుకు. రక్తం పలచబడే మందులు వాడుతున్నారా అని అడుగు, వాడుతుంటే నీ అంతట నువ్వు ఆపించకు. గుండె డాక్టర్‌తో మాట్లాడు, కోర్ బయాప్సీకి చాలాసార్లు ఆపనే అక్కర్లేదు. పాలిచ్చే తల్లయితే సూది దారి గుండా కొన్నాళ్లు పాలు కారే అవకాశం ఉందని ముందే చెప్పు. సూది పెడితే క్యాన్సర్ పాకిపోతుందటగా అని ప్రతి రెండో మనిషీ అడుగుతుంది. విసుక్కోకు. సూది దారిలో కణాలు ఒక్కోసారి కనబడినమాట నిజమే, వాటివల్ల ఆయుష్షు తగ్గినట్టు మాత్రం తేలలేదని నెమ్మదిగా చెప్పు. అయిపోయాక పది, పదిహేను నిమిషాలు గట్టిగా నొక్కి పట్టు. ఆ పని నర్సుకు వదిలేసి వెళ్లిపోయేవాళ్లను నేను మెచ్చను.

ఇక నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం. చాలా ఏళ్ల కిందట ఒకామెకు అంచులు ముళ్లలా ఉన్న గడ్డకు బయాప్సీ చేశాను. నేనే బైరాడ్స్ 5 అని రాశాను. అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం 95 శాతానికి తక్కువ కాదన్నమాట. రిపోర్టు 'ఫైబ్రోసిస్టిక్ మార్పులు' అని, అంటే క్యాన్సర్ కాదని వచ్చింది. ఆ రోజు క్యూ పెద్దది. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుని చేతులు పట్టుకుంది, నేనూ హమ్మయ్య అనుకున్నాను. బొమ్మ ఏం చెప్పింది, రిపోర్టు ఏం చెబుతోంది అని రెండూ పక్కపక్కన పెట్టి చూడలేదు. ఎనిమిది నెలలకు ఆమె తిరిగి వచ్చేసరికి చంకలో కూడా గడ్డ తగిలింది. పాథాలజిస్ట్ తప్పేమీ లేదు. నేను పంపిన ముక్కలో ఉన్నదే రాశారు. గడ్డకు పక్కన తీసి పంపింది నేను.

అప్పటి నుంచి ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను. బయాప్సీ అయిన వెంటనే, రిపోర్టు రాకముందే, ఇది ఏమై ఉంటుందని నేను అనుకుంటున్నానో ఒక్క లైన్ రాస్తాను. రిపోర్టు వచ్చాక పక్కన అది. రెండూ కుదరకపోతే పాథాలజిస్ట్‌కు ఫోన్ చేసి మళ్లీ చూడమంటాను, అప్పటికీ కుదరకపోతే మళ్లీ తీస్తాను, లేదా సర్జన్‌కు పంపుతాను. ఏటిపికల్ డక్టల్ హైపర్‌ప్లేసియా అని, అంటే పాలనాళంలో కణాలు అసహజంగా పెరిగాయని వచ్చినా సర్జన్‌కు చూపిస్తాను. పక్కనే అసలు క్యాన్సర్ దాగి ఉండొచ్చు.

నీకూ ఒక నోట్‌బుక్ పంపుతున్నాను. మొదటి పేజీలో ఆమె కేసు నా చేత్తోనే రాసిపెట్టాను, పేరు రాయలేదు. రెండో పేజీ నుంచి నీది.

ఆశీస్సులతో,
మీ మేడమ్