స్థానిక ఆర్థిక వ్యవస్థల కోసం పనిచేయాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: అర్థశాస్త్రంలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ప్రపంచ స్వేచ్ఛా వాణిజ్యం కంటే స్థానిక ఆర్థిక వ్యవస్థలే మేలని నమ్ముతాను. ఈ నమ్మకంతో ఉద్యోగ జీవితం సాధ్యమేనా? పీజీలో ఏ విభాగం తీసుకోవాలి?

జవాబు: సాధ్యమే. అయితే మీరు కాదంటున్న వాదాన్ని దాని సమర్థకుల కంటే బాగా చదవాలి కనుక, పీజీలో అంతర్జాతీయ వాణిజ్యాన్ని మాత్రం వదలకండి.

స్వేచ్ఛా వాణిజ్యాన్ని సమర్థిస్తూ 1817లో ఇంగ్లండు ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో ఇచ్చిన ఉదాహరణ చూడండి. ఏడాదిలో కొంత వస్త్రం తయారు చేయడానికి ఇంగ్లండులో 100 మంది, పోర్చుగల్‌లో 90 మంది కావాలి. కొంత ద్రాక్షసారాకు ఇంగ్లండులో 120 మంది, పోర్చుగల్‌లో 80 మంది చాలు. రెండింటిలోనూ పోర్చుగలే ముందున్నా, అది సారాకూ ఇంగ్లండు వస్త్రానికీ పరిమితమై సరుకులు మార్చుకుంటే ఇద్దరికీ లాభమని లెక్క తేలుతుంది. లెక్కలో తప్పు లేదు. కానీ పెట్టుబడి సులభంగా దేశం దాటదన్న ఊహ మీద అది నిలబడింది. దాటగలిగితే రెండు సరుకులూ పోర్చుగల్‌లోనే తయారు కావడం లాభమని రికార్డోయే ఒప్పుకున్నాడు. ఈనాడు పెట్టుబడి క్షణాల్లో సరిహద్దు దాటుతోంది, పని పోయిన మనిషి దాటలేకపోతున్నాడు. స్థానిక ఆర్థిక వ్యవస్థల పక్షాన నాకు కనిపించే అతి బలమైన వాదం ఇదే.

1995లో కరీబియన్ దేశమైన హైతీ బియ్యంపై దిగుమతి సుంకాన్ని 3 శాతానికి తగ్గించాక, సబ్సిడీలతో పండిన అమెరికా బియ్యం ముందు అక్కడి రైతులు నిలవలేకపోయారు. అమెరికా అధ్యక్షుడిగా ఆ విధానాన్ని ప్రోత్సహించిన బిల్ క్లింటనే అది పొరపాటని 2010లో అమెరికా సెనేట్ కమిటీ ఎదుట చెప్పారు. చౌక సరుకు దొరికినంత మాత్రాన, దానిని పండించే నేర్పు పోయిన నష్టం పూడదు.

నమ్మకం ఒక్కటే జీతం తెచ్చిపెట్టదు కాబట్టి చేతిలో ఒక పని ఉండాలి. స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతంలో 1956లో చిన్న కర్మాగారంగా మొదలైన మోండ్రాగన్ సహకార వ్యవస్థ, కొద్ది ఏళ్లకే సొంత బ్యాంకును పెట్టుకోవడం వల్ల అక్కడి పొదుపును అక్కడి పరిశ్రమకే మళ్లించగలిగింది. అటువంటి చోట్ల కావలసింది లెక్కలు, రుణ మదింపు, నిర్వహణ తెలిసినవారు.

దరఖాస్తు చేసేలోగా ఏదైనా ఒక సహకార సంఘం మూడేళ్ల వార్షిక నివేదికలు తీసుకుని, మిగులులో సభ్యులకు ఎంత చేరిందో, నిల్వనిధికి ఎంత మళ్లిందో, అప్పు ఎక్కడి నుంచి వచ్చిందో రాసుకోండి. ఆ పని ఆసక్తి కలిగిస్తే సహకార నిర్వహణ తీసుకోండి. సుంకాలూ ఒప్పందాలే మిమ్మల్ని ఎక్కువగా లాగుతుంటే వాణిజ్య విధానం వైపు వెళ్లండి.