పాత బొమ్మల పుస్తకాలు, ఎవరివో చేతిరాతలు: టీచర్ గారి జవాబులు

పాత చందమామలు, అమర్ చిత్ర కథలు దాచుకునేవాళ్ళను పోయిన నెల ఒక మాట అడిగాను. మీ ప్రతుల మీద ఇదివరకటివాళ్ళు రాసిన పేర్లు, గీసిన గీతలు ఉంటే వాటి గురించి రాయమన్నాను. విశాఖ నుంచే బోలెడు ఉత్తరాలొచ్చాయి. డ్రాయింగు టీచరుగా పిల్లల గీతల మధ్యే ఉద్యోగం చేసి రిటైరైనదాన్ని కాబట్టి ఇది నాకు ప్రాణమైన విషయం. అందుకే మొదటి జవాబు కాస్త పొడుగైంది.

టీచర్ గారూ, నమస్కారం. పాత పేపర్ల కొట్లో చందమామలు, తెలుగు అమర్ చిత్ర కథలు కలిపి ఒక కట్ట కిలోల లెక్కన కొన్నాను. ఇంటికొచ్చి విప్పితే దాదాపు అన్నింటి మీదా రాతలే. రాక్షసుల కళ్ళు పెన్నుతో పొడిచేశారు, రాణులకు మీసాలు పెట్టారు, ఒక ముఖచిత్రం నిండా గళ్ళు గీశారు, ఒక వెనక అట్ట లోపల ఏవో లెక్కలున్నాయి. రబ్బరు పెట్టి తుడిచేయమని మా ఆవిడ అంటోంది. ఏం చేయమంటారు?
– ఒక బ్యాంకు ఉద్యోగి, మర్రిపాలెం

ముందు ఆ రబ్బరు పక్కన పెట్టేయండి బాబూ. చందమామ అచ్చు ఆగిపోయి పదేళ్ళు దాటింది కానీ కథలు ఎక్కడికీ పోలేదు. 1947 జులైలో మొదలైన పత్రిక అది. పాత సంచికలు చాలావరకు స్కాన్ అయి ఇంటర్నెట్‌లో ఉన్నాయి. కథ పోగొట్టుకున్నా మళ్ళీ దొరుకుతుంది. మీ కట్ట మీద ఆ పిల్లలు రాసింది మాత్రం ప్రపంచంలో ఇంకెక్కడా లేదు, మీ ఇంట్లోనే ఉంది. పైగా చందమామ కాగితం నాసిరకం, పాతబడిన కొద్దీ పెళుసెక్కుతుంది. రబ్బరుతో రుద్దితే పెన్సిల్ గీతతో పాటు కాగితం నూగు కూడా లేచి వచ్చేస్తుంది. వెనక పేజీలో అక్షరాలు కనబడేంత పల్చబడిపోతుంది.

మీ ఉత్తరంలో నన్ను కదలనివ్వనిది ఆ ముఖచిత్రం మీది గళ్ళ సంగతి. అవి పిచ్చిగీతలు కావు, బొమ్మను పెద్దది చేయడానికి వేసుకున్న గళ్ళు. అసలు బొమ్మ మీద అరంగుళం గళ్ళు గీసుకుని, డ్రాయింగు షీటు మీద అంగుళమో రెండంగుళాలో గళ్ళు గీసి, ఈ గడిలో ఉన్న గీతను ఆ గడిలోకి దించుతారు. బళ్ళో మేం నేర్పేది ఇదే. సినిమా బోర్డులు వేసిన ఆర్టిస్టులు చేసిందీ ఇదే. మీ ముఖచిత్రం కింద మూల ‘వ.పా’ అని సంతకం ఉందేమో చూడండి. ఉంటే అది మన శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య గారి బొమ్మ. ఆయన బొమ్మల్లో చీర మడతలు, చేతివేళ్ళు దించడం పెద్దవాళ్ళకే కష్టం. గళ్ళు ఎక్కడైనా చిన్నవయ్యాయా? మొహం దగ్గర ఒక్కో గడిని మళ్ళీ నాలుగు చేసి ఉంటే, గీసినవాళ్ళకు ఎవరో దగ్గర కూర్చుని నేర్పారన్నమాట. అంచుల వెంట 1, 2, 3 అని అంకెలుంటే అవి గడి తప్పిపోకుండా వేసుకున్నవి. ఆ పెద్ద బొమ్మ ఏ గోడకు ఎక్కిందో మనకు తెలియదు. అది తయారైందనడానికి సాక్ష్యం మాత్రం మీ దగ్గరుంది.

రాక్షసుల కళ్ళు పొడవడం చిన్నపిల్లల పని. పక్కన ఎవరో కథ చదువుతుంటే భయమేసి పొడుస్తారు. మీసాలు పెట్టేది అంతకంటే పెద్దవాళ్ళు. కాబట్టి ఆ పుస్తకాలున్న ఇంట్లో వయసు తేడా ఉన్న ఇద్దరు పిల్లలైనా ఉండి ఉంటారు, లేదా ఒకే పిల్లాడు పెరుగుతూ మళ్ళీ మళ్ళీ ఆ పుస్తకాల దగ్గరికి వచ్చి ఉంటాడు.

ఇప్పుడు బేతాళ కథల పేజీలు తిప్పండి. బేతాళుడు ప్రశ్న వేసిన చోట మార్జిన్‌లో ఏమైనా రాసి ఉందా? నా దగ్గరున్న ఒక సంచికలో అక్కడ పెన్సిల్‌తో ‘రెండో అన్నదే తప్పు. రాజు తప్పు చెప్పేడు’ అని ఉంది. విక్రమార్కుడి జవాబు చదివాక కూడా ఆ పిల్లకో పిల్లాడికో అది నచ్చలేదు. శంకర్ గారు వేసిన ఆ బొమ్మ, రాజు భుజాన శవం, చేతిలో కత్తి, ఎన్ని లక్షలమంది చూశారో! రాజుతో వాదన పెట్టుకున్న ప్రతి మాత్రం నాకు ఇదొక్కటే దొరికింది.

ఫోటో వ్యాఖ్యల పోటీ పేజీ కూడా వదలకండి. రెండు ఫోటోలు ఇచ్చేవారు, రెండింటికీ జోడు కుదిరేలా వ్యాఖ్యలు రాసి కార్డు మీద పంపాలి. పిల్లలు ముందు ఫోటోల కిందే రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, ప్రాస కుదిరాక కార్డు మీదికి ఎక్కించేవారు. కార్డు మద్రాసు వెళ్ళిపోయింది. చిత్తుప్రతి మీ కట్టలో ఉండొచ్చు. తుడిచేసినట్టు కనిపిస్తే గది చీకటి చేసి, టార్చిలైటును కాగితానికి పక్కగా పడుకోబెట్టినట్టు పట్టుకోండి. పెన్సిల్ నొక్కిన గాడి నీడలో పైకి తేలుతుంది. ఫోన్‌తో ఫోటో తీసుకుని చదువుకోవచ్చు.

ఇక వెనక అట్ట లోపలి లెక్కలు. ఇవి ఇల్లాలి రాత అయ్యుండొచ్చు, మీ ఆవిడకు చూపించండి. దుప్పట్లు, పంచెలు, చీరలు, లాగులు, గౌన్లు అని వరసగా ఉంటే అది చాకలి పద్దు. గౌన్లెన్ని, లాగులెన్ని చూస్తే ఇంట్లో ఎంతమంది పిల్లలో అంచనా కట్టొచ్చు. ఆవిడకి కూడా తుడవబుద్ధి కాదని నా నమ్మకం.

టీచర్ గారికి, అట్టలు ఊడిపోయిన సంచికలు ఏ సంవత్సరానివో రాతల్ని బట్టి చెప్పొచ్చా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, మధురవాడ

చాలాసార్లు చెప్పొచ్చు. ఎక్కడైనా ధర మిగిలి ఉంటే ముందు అది చూడు. అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుది. నయా పైసల్లో ఉంటే ఆ తర్వాతది. ‘నయా’ అన్న మాట 1964లో తీసేశారు. ఆ తర్వాత పిల్లలు రాసుకున్న చిరునామా చదువు. ఊరు, జిల్లా, రాష్ట్రం, దేశం, ఆసియా ఖండం, భూగోళం దాకా రాసుకునేవారు కదా, అది మనకెంతో పనికొస్తుంది. ‘ఆంధ్ర రాష్ట్రం’ అని ఉంటే 1953 అక్టోబరు నుంచి 1956 అక్టోబరు దాకా అనుకోవచ్చు. ‘విజయనగరం, విశాఖపట్నం జిల్లా’ అని ఉంటే 1979 జూన్‌కు ముందు రాసింది, ఎందుకంటే విజయనగరం జిల్లా అప్పుడే ఏర్పడింది. పిన్ కోడ్ ఉంటే 1972 ఆగస్టు తర్వాతే. ఇంటి పద్దులో శేర్లు కనబడినంత మాత్రాన మరీ వెనక్కి వెళ్ళకు. చట్టప్రకారం కిలోలు వచ్చేసినా ఇళ్ళల్లో శేర్లు, సోలలు చాన్నాళ్ళు నడిచాయి.

ఒక జాగ్రత్త ఉంది. రాత వయసు, పుస్తకం వయసు ఒకటి కానక్కర్లేదు. అణాల ధర ఉన్న సంచిక మీద స్కెచ్ పెన్ను గీతలుంటే అవి మొదటి పాఠకుడివి కావు. ఫైబర్ మొన పెన్ను జపాన్‌లో తయారైందే 1962లో. అంటే ఆ పుస్తకం ఇంకో తరం చేతికి వచ్చిందన్నమాట. అద్దె పుస్తకాల షాపు స్టాంపు కూడా ఉంటే మధ్యలో ఎక్కడ తిరిగిందో కూడా తెలుస్తుంది. అలాంటి ప్రతి దొరికితే నాకు తప్పకుండా రాయి.

మేడమ్, పేర్లు రాసి ఉంటే ధర పడిపోతుందంటున్నారు. నిజమేనా?
– గాజువాక

నిజమే, మామూలుగా తగ్గుతుంది. అమ్మడానికే కొనేవాళ్ళు శుభ్రంగా ఉన్నదే అడుగుతారు, వాళ్ళను తప్పుపట్టలేం. అయితే అమెరికాలో కామిక్స్ సేకరించేవాళ్ళ దగ్గర దీనికి ఎదురు ఉదాహరణ ఉంది. 1930ల చివర్లో నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒక చిన్న ఊళ్ళో, ఒక కుర్రాడి కోసం పక్కన పెట్టిన కామిక్స్ అట్టల మీద కొట్టువాళ్ళు ‘లార్సన్’ అని పెన్సిల్‌తో రాసి ఉంచేవారు. ఇవాళ ఆ పేరున్న ప్రతిని వేలంలో ఆ పేరు చెప్పి మరీ అమ్ముతారు. ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో తెలియడమే దాని విలువ.

నా వరకు నేను రాతకు ధర తగ్గించను, పేజీ లేకపోతే తగ్గిస్తాను. చందమామల్లో ఇది బాగా చూసుకోవాలి. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్, చిత్రా గారి బొమ్మలతో సహా నెలనెలా కోసి బైండు చేయించుకున్న ఇళ్ళు చాలా ఉన్నాయి. కోసేసిన సంచికా అమ్మకానికి వస్తుంది, బైండూ వస్తుంది. బైండు దొరికితే వదలకండి, లోపలి అట్ట మీద కోసినవాళ్ళ పేరు ఉండే అవకాశం ఎక్కువ.

అమ్మా, హుద్‌హుద్‌ తుఫానులో కిటికీ అద్దాలు పగిలి మా నాన్నగారి చందమామలు తడిసిపోయాయి. ఎండబెట్టి దాచాను కానీ, మొదటి పేజీలో ఆయనకు మా తాతగారు రాసిన నాలుగు మాటలు అలుక్కుపోయాయి. మళ్ళీ కనబడేలా చేయొచ్చా?
– లాసన్స్ బే కాలనీ

ఆ రోజు, 2014 అక్టోబరు 12, మన ఊళ్ళో ఎన్ని బీరువాలు తడిశాయో తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. మీరు ఎండబెట్టి దాచడమే పెద్ద మేలు చేసింది.

అది ఏ సిరా అన్నదాన్ని బట్టి ఉంటుంది. మామూలు నీలం సిరా నీళ్ళలో కరిగే రంగు. అది పోయిన చోట కొద్దిగా మరకే మిగులుతుంది. పాత బ్లూ బ్లాక్ సిరాల్లో చాలావాటిలో ఇనుము ఉండేది. నీలం కొట్టుకుపోయినా గోధుమరంగు గీత మిగలొచ్చు. నోట్లు చూసే అల్ట్రావయొలెట్ టార్చి చీకట్లో పట్టి చూడండి, ఇనుము సిరా ఉన్నచోట నల్లగా తేలుతుంది. మామూలు వెలుతుర్లో తీసిన ఫోటోను కూడా ఫోన్‌లో కాంట్రాస్ట్ పెంచి చూడండి. పేజీ మీద మాత్రం ఏ మందూ, ఏ ద్రావకమూ పూయకండి. పైన పెన్నుతో దిద్దనూ వద్దు. మీకు గుర్తున్న మాటలు వేరే కాగితం మీద రాసి, తేదీ వేసి, సంచికలో పెట్టండి. తాతగారి మాటలు ఇంట్లో ఇంకెవరికి గుర్తున్నాయో ఈ వారమే అడగండి.

సముద్రం పక్కన కాబట్టి ఇంకో మాట. మధ్యలో పిన్నులు తుప్పు పట్టి ఉంటే మెల్లగా తీసేసి అవే రంధ్రాల్లోంచి నూలుదారం కుట్టండి. తుప్పు ఆగదు, కాగితాన్ని తినుకుంటూ పోతుంది. బీరువాను బయటి గోడకు ఆనించొద్దు.

టీచర్ గారూ, లామినేషన్ చేయిస్తే శాశ్వతంగా ఉంటుందా?
– పెందుర్తి

వద్దు. వేడికి అంటుకున్న ప్లాస్టిక్ మళ్ళీ ఊడి రాదు, కాగితంలోని ఆమ్లం లోపలే ఉండి పని చేస్తూనే ఉంటుంది. సెల్లో టేపూ వద్దు. పాలిస్టర్ కవరు దొరికితే అందులో పెట్టండి. దొరక్కపోతే ఉతికిన తెల్ల నూలుబట్ట చాలు.

అమ్మా, మా మనవడు నా పాత చందమామల మీద రంగులు వేసేస్తున్నాడు. కోప్పడలేకపోతున్నాను, చూస్తూ ఊరుకోలేకపోతున్నాను.
– సీతమ్మధార

కోప్పడకండి. ఆ పేజీలు జెరాక్స్ తీయించి, కాస్త పెద్దవి చేయించి ఇవ్వండి. రంగు బాగా పడుతుంది కూడా. పాత కాగితం తడిరంగుకు చిరిగిపోతుంది, అందుకే వద్దంటున్నాను తప్ప పిల్లాడు గీయడం నేరమని కాదు. ఇప్పటికే వేసిన పేజీ కింద వాడి పేరు, తేదీ పెన్సిల్‌తో రాసి ఉంచండి.

టీచర్ గారికి నమస్కారం. నేను కొన్న ఒక అమర్ చిత్ర కథలో ‘ఈ పుస్తకం దొంగిలించినవాడి కళ్ళు పోతాయి’ అని రాసి, కింద ఒక అమ్మాయి పేరు, 6వ తరగతి, వన్‌టౌన్‌లో ఒక వీధి పేరు ఉన్నాయి. అందులో సంక్రాంతికి వాళ్ళ మావయ్య ఇచ్చినట్టూ ఉంది, 1974. ఆవిడను వెతికి ఇచ్చేయాలనిపిస్తోంది. ఎలా?
– నర్సు, అల్లిపురం

తల్లీ, నీ ఆలోచన నాకు ఎంతో నచ్చింది. ఆవిడకిప్పుడు అరవై దాటి ఉంటాయి, ఇంటిపేరు మారి ఉండొచ్చు. ఆ పేరు, వీధి ఫోటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు. ఆవిడకు తెలియకుండా ఆవిడ పేరు ఊరంతా తిరగడం బాగోదు. నువ్వే ఆ వీధికి వెళ్ళు. పాత కిరాణా కొట్టు గానీ, టైలరు గానీ, గుడి పూజారి గానీ ఉంటారు. ఆ ఇంటివాళ్ళు ఎటు వెళ్ళారో అడుగు. ఆ చుట్టుపక్కల బడిలో చదివి ఉంటే పూర్వ విద్యార్థుల సంఘంవాళ్ళు సాయం చేస్తారు.

ఆవిడ దొరికితే మొదట ఫోటో పంపి, కావాలా అని అడుగు. కొందరికి అది పట్టరాని సంతోషం, కొందరికి తలుచుకోవాలని లేని రోజులు. కావాలంటే ఇచ్చెయ్. నీ దగ్గరే ఉండనీ అంటే, ఆ మావయ్య ఎవరో, ఆ సంక్రాంతికి ఇంకేం కొనిపెట్టాడో అడిగి రాసుకో. ఏదైనా సరే, ఇచ్చే ముందు అట్టలతో సహా ప్రతి పేజీ ఫోటో తీసుకో, ఖాళీ పేజీలు కూడా.